కూకైకి రోజూ భోజనం వెళ్లే కొండ

తెల్లవారి ఆరింటికి ఒకసారి, పదిన్నరకు ఇంకోసారి. ఇద్దరు భిక్షువులు కర్రపెట్టె మోసుకుంటూ బయల్దేరతారు, ముందు ఒక పెద్ద భిక్షువు నడుస్తాడు. దారిలో చిన్న గుడి ముందు ఆగుతారు. అందులోని జిజో బోధిసత్వుడు వంట రుచి చూస్తాడని నమ్మకం. అక్కణ్నుంచి వంతెన దాటి, దేవదారు చెట్ల మధ్యనున్న సమాధి మందిరం చేరతారు. పెట్టెలో ఉన్నది కూకై ఆచార్యుడి భోజనం. ఆయన 835లో కన్నుమూశాడని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. కోయాసాన్ కొండ మాత్రం ఆయన ధ్యానంలో కూర్చున్నాడనే అంటుంది. ధ్యానంలో ఉన్నవారికి వేళకు అన్నం పెట్టాలి కదా!

ఆ కొండ మీద ఏది చూసినా ఈ నమ్మకం దగ్గరికే వస్తాం.

అమరావతి దాకా వచ్చే కథ

జపాన్‌లోని వకాయామా ప్రాంతంలో, సుమారు 800 మీటర్ల ఎత్తున, చుట్టూ ఎనిమిది శిఖరాలు కాపు కాసినట్టున్న మైదానం కోయాసాన్. ఆ శిఖరాలను అక్కడివాళ్లు తామర రేకులంటారు. వాటి నడుమ 117 ఆలయాలు, బడి, దుకాణాలతో ఒక ఊరే ఉంది.

కూకై 774లో షికోకు ద్వీపంలో పుట్టాడు. 804లో ఓడెక్కి చైనా వెళ్లి, ఛాంగాన్ నగరంలో హుయిగువో అనే గురువు దగ్గర మంత్రయాన బౌద్ధం నేర్చుకున్నాడు. 806లో తిరిగివచ్చి జపాన్‌లో షింగోన్ సంప్రదాయానికి పునాది వేశాడు. పదేళ్ల తర్వాత సాగా చక్రవర్తి ఈ కొండను ఆయనకిచ్చాడు.

షింగోన్ గురుపరంపరలో మహావైరోచన బుద్ధుడి, వజ్రసత్త్వుడి తర్వాత మూడో పేరు నాగార్జునుడిది. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపం తలుపు తెరిచి, లోపలున్న వజ్రసత్త్వుడి నుంచి ఆయన ఈ విద్య అందుకున్నాడని వారి గాథ. ఆ స్తూపం అమరావతిదే కావచ్చని కొందరు పండితుల ఊహ. షింగోన్ ఆలయాల్లో అగ్ని వేల్చే క్రతువును నేటికీ ‘గోమా’ అంటారు. అది మన హోమమే.

గుడి పక్కన మరో గుడి

ఆలయానికి చోటు వెతుకుతున్న కూకైకి నల్లకుక్క, తెల్లకుక్కతో ఒక వేటగాడు ఎదురై దారి చూపాడట. ఆ వేటగాడే కొండదేవుడు. అందుకే బౌద్ధ మందిరాల సముదాయమైన దాంజో గరాన్‌లోనే ఆ దేవుడికీ, నియు అనే స్థానిక దేవతకూ ఎర్రరంగు షింతో గుడులున్నాయి. కొత్త మతం వచ్చి పాత దేవుళ్లను తరిమేయలేదు, కాపలాదారులుగా పక్కనే నిలుపుకుంది.

గరాన్ మధ్యలో 48.5 మీటర్ల కుంకుమరంగు గోపురం, కొంపోన్ దైతో. లోపల మహావైరోచనుడు, చుట్టూ బోధిసత్వుల బొమ్మలు గీసిన పదహారు స్తంభాలు. చిత్రపటంగా చూసే మండలంలోకి ఇక్కడ నడిచి వెళ్లవచ్చు. పాత కట్టడాలన్నీ కర్రవి కనుక పిడుగులు, మంటలు ఈ కొండను పదేపదే దెబ్బతీశాయి. ఇప్పటి గోపురం 1937 నాటిది.

శత్రువులంతా ఒకే చోట

కూకై సమాధి ఉన్న ఒకునోయిన్‌కు రెండు కిలోమీటర్ల దారి. ఇరువైపులా వందల ఏళ్ల దేవదారులు, వాటి కింద నాచు పట్టిన రెండు లక్షలకు పైగా సమాధులు, స్మారకాలు. చాలావరకు అయిదు రాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినవి. అవి పంచభూతాలు. వాటి మీద చెక్కినవి సిద్ధం లిపిలోని సంస్కృత బీజాక్షరాలు.

కోయాసాన్‌పైకి సైన్యాన్ని పంపిన సేనాని ఒదా నొబునాగాకు ఇక్కడ చోటుంది. అతని మీద తిరగబడి చావుకు కారణమైన అకేచి మిత్సుహిదేకూ ఉంది. మిత్సుహిదేను ఓడించిన తొయొతొమి హిదెయొషికీ ఉంది. కొరియా యుద్ధంలో చనిపోయిన ఇరుపక్షాల సైనికుల కోసం షిమాజు వంశం 1599లో నిలిపిన రాయీ ఉంది. కూకై దగ్గర చోటు దొరకాలని అందరి కోరిక. ఈ కాలపు కంపెనీలు తమ ఉద్యోగుల కోసం స్మారకాలు కట్టాయి. చెదపురుగుల మందు కొట్టేవారి సంఘం, తాము చంపిన చెదల కోసం కూడా ఒకటి కట్టింది.

1921లో తెరిచిన రేయ్‌హోకాన్ మ్యూజియం ఆలయాల సంపదను మంటలకు, చెమ్మకు దూరంగా దాస్తోంది. 1086లో గీసిన బుద్ధ మహాపరినిర్వాణ చిత్రం, శిల్పి ఉంకేయ్ చేతివని చెప్పే బాలపరిచారకుల కర్రబొమ్మలు అక్కడివే. ఆ బొమ్మల స్ఫటికపు కళ్లు ఎదురుగా నిలబడ్డవారిని నిలదీసి చూస్తున్నట్టుంటాయి. పాత చిత్రాలు వెలుతురుకు తట్టుకోలేవు కనుక ప్రదర్శన మారుతూ ఉంటుంది. ఏవి పెట్టారో ముందే కనుక్కుని వెళ్లడం మేలు.

ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి

ఒసాకాలోని నంబా స్టేషన్‌లో నన్‌కై రైలెక్కితే గొకురకుబషి చేరుస్తుంది. అక్కడ కేబుల్ కారు, పైన బస్సు. దాదాపు యాభై ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. భోజనం పూర్తి శాకాహారం, ఉల్లి వెల్లుల్లి కూడా తగలవు. గడ్డకట్టించి ఆరబెట్టిన కోయా టోఫు, నువ్వులతో చేసిన గొమా టోఫు తప్పక వడ్డిస్తారు. ఉదయం పూజలో బస చేసినవారు కూర్చోవచ్చు.

కాళ్లలో సత్తువున్నవారికి పాత దారి ఉంది. కొండ కింద జిసోన్ ఇన్ ఆలయం నుంచి గరాన్ వరకు సుమారు ఇరవై కిలోమీటర్ల నడక. ఒకప్పుడు ఆడవాళ్లకు కొండమీద ప్రవేశం లేదు. కొడుకును చూడవచ్చిన కూకై తల్లి కూడా జిసోన్ ఇన్‌లోనే ఉండిపోయిందట. తర్వాతి కాలపు స్త్రీలు ఊరి పొలిమేరలోని న్యోనిన్‌దో మందిరం దగ్గరే ఆగి, కొండ అంచుల వెంబడి ప్రదక్షిణ చేసి వెళ్లేవారు. ప్రభుత్వం ఈ నిషేధాన్ని 1872లో ఎత్తేసింది. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి కొండతోపాటు జిసోన్ ఇన్ నుంచి వచ్చే ఈ పాత దారీ చేరింది. దారి పొడవునా సుమారు 109 మీటర్లకొకటి చొప్పున 180 రాతి గుర్తులున్నాయి. పొద్దున్నే జిసోన్ ఇన్‌లో బయల్దేరిన ఆడవాళ్లు, మగవాళ్లు వాటిని లెక్కపెట్టుకుంటూ సాయంత్రానికి గరాన్ చేరుకుంటున్నారు.