గట్టు మీది బొడిపెను పొయ్యిలో పెట్టకండి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలు బాగుచేసే వడ్రంగిని అడిగి చూడండి. పడవ పలకకు పోగు తిన్నగా సాగిన కర్రే కావాలంటాడు. బొడిపె ఉన్న చెక్కను పక్కన పడేస్తాడు. గిన్నెలు తరిమెన పట్టేవాడు వెతికేది మాత్రం ఆ బొడిపె కోసమే. మన రైతులు గట్టు మీది వేప, చింత, తుమ్మ కొట్టినప్పుడు ఆ బొడిపెను వంటచెరకు లెక్కలో తూకానికి ఇచ్చేస్తున్నారు.

బొడిపె అంటే ఏమిటి?

దెబ్బ తగిలినా, తెగులు సోకినా చెట్టు ఒకచోట లెక్కలేనన్ని మొగ్గలు పెడుతుంది. అవి కొమ్మలు కాలేక లోపలే ఉండిపోతాయి. పోగులు వాటి చుట్టూ మెలికలు తిరిగి గడ్డ కడతాయి. అందుకే దాన్ని కోస్తే చుక్కలు, సుడులు కనిపిస్తాయి. పోగు ఒకే దారిన లేదు కాబట్టి ఇది మామూలు కర్రలా తేలిగ్గా నిలువునా చీలదు.

గడ్డ మీద సుత్తితో కొట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే మంచిది, డొల్లగా మోగితే లోపల పుచ్చు ఉన్నట్టు. బతికున్న చెట్టు మీది బొడిపెను మాత్రం కోయకండి. ఆ గాయంలో నీరు దిగి మాను కుళ్ళుతుంది. గాలికి పడినప్పుడో, చెట్టు కొట్టించినప్పుడో తీసుకోవాలి. కొట్టించే ముందు వాల్టా చట్టం (2002) ప్రకారం అనుమతి గురించి అధికారులను అడగండి.

ఆరబెట్టడమే అసలు పని

కోసిన ముఖానికి అదే రోజు కరిగించిన మైనం పూయండి. ఎండలో పెట్టారా, రాత్రికి రాత్రే పగుళ్ళు! నీడలో, గాలి ఆడేచోట, నేలకు తగలకుండా ఉంచాలి.

పచ్చిగా ఉండగానే గిన్నెను మందంగా తోలుస్తారు. 10 అంగుళాల గిన్నెకు అంచు 1 అంగుళం వదలాలి. దాన్ని కాగితపు సంచిలో పెట్టి వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. దీనికి నెలలు పడుతుంది. ఆరాక మళ్ళీ లేత్ మీద పెట్టి పలచన చేస్తారు.

లోపల మేకు, రాయి, పగులు దాగి ఉండొచ్చు. మొదట నెమ్మదిగా తిప్పాలి, గిన్నెకు ఎదురుగా నిలబడరాదు. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. గన్నేరు విషపు చెట్టు, దాని కర్రతో తిండి గిన్నె చేయరాదు.

మెరుగుకు పచ్చి అవిసె నూనె చాలు. పెయింటు షాపులో దొరికే ‘బాయిల్డ్’ నూనెలో త్వరగా ఆరడానికి మందులు కలుపుతారు, అది తిండి గిన్నెకు పనికిరాదు.

పని తెలిసిన ఊరు

ఈ పని నేర్చుకోవడానికి మరీ దూరం పోనక్కర్లేదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అది ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తిరిగే కర్రకు లక్క ముక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజలతో రంగు కడతారు. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి వేడి కూరల గిన్నెకు అది వద్దు.

అక్కడ వాడేది మెత్తని తెల్ల అంకుడు కర్ర. గట్టి బొడిపెకు ఉలి, వేగం వేరు. పనివారితో ముందే మాట్లాడుకుని ఇవ్వండి. అంకుడు నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. గట్టు మీద నాలుగు మొక్కలుంటే మీకూ ఆదరువు, పనివారికీ కర్ర.

ఒక్క బొడిపెతో ఎవరి అప్పూ తీరదు. కానీ చూపించకుండా, బేరం ఆడకుండా కట్టెల తూకంలో కలిపేస్తే మాత్రం నష్టపోయేది రైతే. ఈసారి చెట్టు కొట్టించేటప్పుడు బొడిపెను విడిగా తీయించి పక్కన పెట్టండి.