బరువు లెత్తుటలో మెలకువలు

శంషాబాదు చుట్టుపట్ల గ్రామముల పడుచువారు పలువురు నేడు విమానాశ్రయపు గిడ్డంగులలో పనిచేయుచున్నారు. 2008వ సంవత్సరము మార్చి నెలలో బేగంపేట నుండి ప్రయాణికుల విమానములు ఇచ్చటికి తరలినవి. సుమారు 5,500 ఎకరముల నేల దానిక్రిందికి పోయినది. నాగలి పట్టిన యిండ్లవారు ఇప్పుడు సరకుపెట్టెలు త్రోయుచున్నారు. వారిలో కొందరు నాయొద్ద ఓనమాలు దిద్దినవారే. వారి పని యెట్టిదో, అందు ప్రాణభయ మెచ్చట నున్నదో ఇంటి పెద్దలు తెలిసికొనుట మంచిదని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను. వ్యాకరణము చెప్పుకొను పండితునకు క్రేనుల గొడవ యేలయని నవ్వకుడు. ఈ శాస్త్రమును మనము బండియొద్దనే నేర్చితిమి.

రెండెడ్ల బండికి బస్తాలు వేయునప్పుడు ఇరుసునకు వెనుక బరువు మిక్కుటమైనచో కాడి పైకి లేచి ఎడ్ల మెడలకు పలుపు బిగియును. ముందు మిక్కుటమైనచో మెడలు కుంగును. విమానమును ఇట్టి బండియే. రెక్కల క్రింది పెద్దచక్రములు దాని కిరుసు. వెనుకభాగమున మోతాదుమించి సరకు చేర్చినచో ముక్కు గాలిలోనికి లేచి తోక నేలకు కొట్టుకొనును. అందుచేత ఏ పెట్టె యెచ్చట నుండవలెనో ముందే లెక్కగట్టి కాగితముపై వ్రాసి యిత్తురు; కొన్ని విమానములకు తోకక్రింద ఊతకంబము నిలుపుదురు. ‘ఇక్కడ పట్టుచున్నది గదా’ యని పనివాడు తన యిష్టము వచ్చినచోట పెట్టె నుంచరాదు.

విమానపు కడుపులోనికి పోవు కంటైనరు ఓడలపై వచ్చు ఉక్కుపెట్టె వంటిది కాదు. పలుచని అల్యూమినియపు రేకుతో చేసి, విమానపు గుండ్రని ప్రక్కకు ఇముడునట్లు ఒక మూలను ఏటవాలుగా దిద్దియుందురు. మిక్కిలి వాడుకలోనున్న ఎల్.డి.3 అను రకము సరకుతో కూడ 1,588 కిలోలు మించరాదు. నేలలో రోలర్లు అమర్చియుండుటచే ఇద్దరు మనుష్యులు దానిని త్రోయగలరు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. త్రోయుట సులువు, ఆపుట కష్టము. టన్నున్నర బరువు నడకవేగమున వచ్చుచున్నను, దానికిని గోడకును నడుమ చేయి చిక్కినచో ఎముక మిగులదు. కదలుచున్న పెట్టెకు ఎదురు నిలిచి ఆపజూచుట మన కుర్రవాండ్రకు పౌరుషముగా తోచును. అది పౌరుషము గాదు.

లోపలికి చేర్చిన పిమ్మట బిగించుట మరియొక పని. 2013 ఏప్రిలు 29వ తేదీన ఆఫ్గనిస్తానములోని బగ్రామునుండి లేచిన బోయింగు 747 సరకు విమానములో ఐదు కవచవాహనము లుండెను. ఒక్కొక్కటి 12 మొదలు 18 టన్నులు. కట్టిన పట్టీలు చాలలేదు. విమానము లేచుచుండగనే వెనుకటి వాహనము కట్లు తెంచుకొని జారి, తోకను నడపు యంత్రభాగములను చెరచెను. లోనున్న ఏడుగురును మరణించిరి. మన శంషాబాదులో 2016 మే నెలలో ఇంధనముకొరకు దిగిన ఆంటొనోవు 225 అను మహావిమానము సుమారు 116 టన్నుల విద్యుద్యంత్రము నొక్కదానినే ప్రాగు నగరమునుండి ఆస్ట్రేలియాకు క్షేమముగా మోసికొనిపోయెను. ఆ విమానము 2022లో యుక్రెయిను యుద్ధమున నాశమైనది.

ఇక క్రేనుతో ఎత్తుట. గూడ వేసినవారికి దీని మర్మము తెలియును. ఇద్దరును దగ్గరగా నిలిచినచో త్రాళ్లు నిలువుగా నుండి నీరు సులువుగా లేచును. ఎడముగా జరిగినకొలది అదే నీరు భుజములను లాగివేయును. 1,000 కిలోల బరువును రెండుపాయల గొలుసుతో ఎత్తినప్పుడు పాయలు నిలువుగా నున్నచో ఒక్కొక్కదానిపై 500 కిలోలు పడును. పాయల నడుమ కోణము 60 డిగ్రీలైనచో 577, 90 అయినచో 707, 120 అయినచో పూర్తిగా 1,000 కిలోలు. 150 డిగ్రీలకు తెరచినచో సుమారు 1,930. ఎత్తు బరువు కిలోయైనను పెరుగలేదు, గొలుసుమీది లాగుడు దాదాపు నాలుగింతలైనది!

నా చిన్నతనమున మా యూరి గుడిలో రాతిస్తంభము నెత్తుచుండగా మోకు తెగి ఒక రైతు పాదము నుగ్గయ్యెను. ఆయన మరల మడి దున్నలేదు. మోకు నాసిదని అందరును అంగడివానిని తిట్టిరి. మోకు క్రొత్తదే, గట్టిదే. పాయలను చాపినట్లు పరచి కట్టుటచే తెగినది. ఈ లెక్క నాకు తెలియుటకు ముప్పది యేండ్లు పట్టినది. ఆ అంగడివాడు అప్పటికే పోయినాడు.

యంత్రము పెద్దదైనచో భయములేదనుకొనరాదు. 2020 ఆగస్టు 1వ తేదీన విశాఖపట్టణపు హిందుస్తాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేనును బరువుతో పరీక్షించుచుండగా అది కూలి 11 మంది మరణించిరి. 1948 నాటి కర్మాగారముల చట్టమునందే ఎత్తుడుయంత్రములను, గొలుసులను, త్రాళ్లను పండ్రెండు మాసముల కొకసారియైనను తగిన నిపుణుడు పరీక్షింపవలెననియు, మోయదగిన బరువు వానిపై కనబడవలెననియు నియమముండెను.

లారీలపై వచ్చు ఉక్కుకంటైనరు ఇరువది యడుగులది ఖాళీగానే రెండు టన్నులకు పైబడి తూగును. దానిని లారీకి బిగించు మలుపుతాళములు నాలుగును విడిపింపక యెత్తినచో లారీయు దానితో లేచును. లోపలి బరువు తప్పుగా చెప్పుటచే జరుగు ముప్పులను తలచి, 2016 జూలై 1 మొదలు ఓడనెక్కు ప్రతి నిండుకంటైనరును తూచి బరువు వ్రాసి యియ్యవలెనని అంతర్జాతీయ నియమము వచ్చినది.

క్రేను నడపువానికి సైగచేయువాడు ఒక్కడే యుండవలెను. ఆగుమను సైగను మాత్రము ఎవరు చేసినను, నిన్న చేరిన కుర్రవాడు చేసినను, అతడు ఆగి తీరవలెను. నా శిష్యుడొకడు ఒక గిడ్డంగిలో అట్లు ఆపించి మేస్త్రిచేత తిట్లు తిన్నాడు. దింపి చూడగా, త్రాడు జారకుండ కొక్కెపు నోటి కడ్డముగా నుండవలసిన మూతరేకు విరిగి యుండెను. వేరొక కొక్కెము తెచ్చువరకు అరగంట పని నిలిచినది.