అమ్మానాన్నలు ఎవరి దగ్గర?

1972లో వచ్చిన ‘బడిపంతులు’ సినిమాలో రిటైరైన మాస్టారు ఒక కొడుకు దగ్గర, ఆయన భార్య మరో కొడుకు దగ్గర ఉండాల్సి వస్తుంది. ఎన్టీఆర్, అంజలీదేవి నటించిన ఆ కథ మన పల్లెలకు కొత్తేమీ కాదు. నెల పెద్దాడింట్లో, నెల చిన్నాడింట్లో వంతులు నడిచిన కుటుంబాలు ఎన్నో. వంతు తీరిన రోజున పెద్దావిడ సంచి సర్దుకుని ఇంకో గడప తొక్కాల్సిందే.

ఇప్పుడు వంతులు వేసుకోవడానికీ మనుషులు చాలడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక్కో మహిళకు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. ఇవాళ ఎనభైల్లో ఉన్నవారికి నలుగురైదుగురు సంతానం ఉండొచ్చు. అరవైల్లోకి వస్తున్నవారికి ఇద్దరు, కొందరికి ఒక్కరే. ఆ ఒక్కరూ బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. 2050 నాటికి దేశంలో ప్రతి అయిదుగురిలో ఒకరు అరవై దాటినవారే అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా వేసింది.

అయినా చాలా ఇళ్లలో పెద్దల బాగోగుల విషయం మొదటిసారి చర్చకు వచ్చేది ఐసీయూ బయట కుర్చీల్లోనే. బీమా కాగితం ఎక్కడుంది? నాన్న ఏ మాత్రలు వాడుతున్నారు? ఆపరేషన్‌కు ఎవరు సంతకం పెడతారు? పెళ్లికి ఆరు నెలల ముందే కల్యాణ మండపం మాట్లాడుకునే కుటుంబాలు, తల్లిదండ్రుల చివరి పదిహేనేళ్ల గురించి ఒక్క సాయంత్రం కూడా కూర్చోవు. ‘ఆ మాటెత్తితే వాళ్ల చావు కోరుకున్నట్టు ఉంటుంది’ అన్న మొహమాటమే దీనికి కారణం. ఆ మొహమాటాన్ని దాటక తప్పదు.

ఎందుకంటే కొన్ని పనులకు గడువు ఉంది. తండ్రి రాసిచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చేతిలో ఉంటే చాలని చాలామంది కొడుకులు అనుకుంటారు. రాసిచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం చట్టరీత్యా అక్కడితో ఆగిపోతుంది. డిమెన్షియా ముదిరాక సొంత తల్లి ఖాతాలోని డబ్బుతో ఆమెకే వైద్యం చేయించడానికి కోర్టు గడప ఎక్కాల్సి రావచ్చు. దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం చెప్పింది కాబట్టి, ఇది ఎక్కడో ఒకరికి వచ్చే చిక్కు కాదు. వీలునామా, జాయింట్ ఖాతా, నామినీల పేర్లు అన్నీ తెలివి నిలకడగా ఉన్నప్పుడే పూర్తి కావాలి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు.

ఆస్తి సంగతి ఇంకా సున్నితం. ‘ఎలాగూ నీదే కదా’ అని ఉన్న ఇల్లంతా బిడ్డ పేర దాన సెటిల్‌మెంట్ రాసిచ్చి, తర్వాత అదే ఇంట్లో పరాయివాళ్లైపోయిన పెద్దలు ఉన్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ అలాంటి దస్తావేజును రద్దు చేయించుకునే దారి చూపింది. అయితే బాగోగులు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చినట్టు తేలాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌కు చెందిన ఒక తల్లి కేసు చూడండి. 2019లో కొడుక్కి ఇల్లు రాసిచ్చేటప్పుడు, చివరిదాకా చూసుకుంటానని అతని చేత హామీపత్రం రాయించుకున్నారు. కొడుకు మాట తప్పాడు. హైకోర్టు డివిజన్ బెంచ్‌లో ఆమె ఓడిపోయినా, 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ దానాన్ని రద్దు చేసి ఇల్లు ఆమెకు అప్పగించమంది. ప్రేమతో రాసే దస్తావేజులోనూ బాగోగులు చూసుకోవాలన్న ఆ ఒక్క వాక్యం ఉండాలి. అది బిడ్డకు అవమానమేమీ కాదు.

ఈ పోషణ చట్టం కింద లాయరు లేకుండానే ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం దానికి ఉంది. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ కూడా పనిచేస్తోంది. దేశమంతటికీ విస్తరించకముందు ఈ సేవ మొదలైంది హైదరాబాద్‌లోనే.

కోర్టు దాకా వెళ్లని కుటుంబాల్లో అసలు కష్టం వేరు: చేసేదెవరు? దూరాన ఉన్నవాళ్లు డబ్బు పంపుతారు, రోజూ ఫోన్ చేస్తారు. దగ్గరున్న కోడలో కూతురో డైపర్ మారుస్తుంది. పుండ్లు పడకుండా రాత్రిపూట కూడా పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. ఆమె నిద్రకు, వదులుకున్న ఉద్యోగానికి ఎవరూ లెక్క కట్టరు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి పిల్లల సంరక్షణకు 730 రోజుల సెలవు ఉంది. తల్లిదండ్రుల కోసం అలాంటి ప్రత్యేక సెలవు లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకోవాల్సింది ఖర్చొక్కటే కాదు. దూరంగా ఉన్నవారు ఏటా కొన్ని వారాలు వచ్చి తామే చేయాలి, లేదంటే కేర్‌టేకర్‌ను పెట్టి ఇంట్లో చేసే మనిషికి విశ్రాంతి ఇప్పించాలి.

వైద్యంలో కొన్ని సంగతులు తెలిస్తే ప్రాణం నిలుస్తుంది. నిన్నటిదాకా బాగున్న అమ్మ హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడితే వయసు మీద తోసేయకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, రక్తంలో సోడియం తగ్గడమో కారణం కావచ్చు. రెంటికీ చికిత్స ఉంది. నలుగురు డాక్టర్లు రాసిన మాత్రలన్నీ ఒక సంచిలో వేసి ఒకే డాక్టరుకు చూపించాలి. నిద్రమాత్రలు, బీపీ మాత్రల వల్ల తల తిరిగి, తడి టైల్స్ మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేవాళ్లు ఎందరో. బాత్రూం గోడకు పట్టుకునే రాడ్లు బిగించడం ఒక పూట పని. ఇక 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు వైద్యం ఉంది. కార్డు ముందే తీసుకుని ఉంచాలి.

‘ఇక్కడికి వచ్చేయండి’ అని అమెరికా నుంచి పిలిచే పిల్లలూ ఒకటి గమనించాలి. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ వరుసగా అయిదేళ్లు నివసిస్తే తప్ప పెద్దలకు మెడికేర్‌లో చేరే అర్హత రాదు. బీమా కన్నా పెద్ద ప్రశ్న, వాళ్లకు అక్కడ ఉండాలని ఉందా అన్నది. అరుగు, గుడి, పాలవాడు, పక్కింటి పిన్ని లేని చోట చాలామంది నెలల్లోనే డీలాపడతారు. ఎవరి దగ్గర ఉంచుకోవాలని పిల్లలు తర్జనభర్జన పడేకన్నా, ఎలా బతకాలనుందో వాళ్లనే అడగాలి.

వెంటిలేటర్ విషయం కూడా అడగాలి. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ చికిత్సలు వద్దో ముందే రాసిపెట్టే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది. మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లనక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ తీసుకుంటే చాలు. తమ తరఫున నిర్ణయం తీసుకునే మనిషి పేరు అందులో రాయాలి. ఒక ప్రతి ఆ మనిషికి, ఇంకొకటి కుటుంబ వైద్యుడికి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.