శివారు భూములలో ఒక పరిశోధన వ్యాసము

పర్యావరణ విధానము, నిర్వహణము అను శాస్త్రమున ఎం.ఎస్సీ. చదువు విద్యార్థి, తుది సెమిస్టరులో సమర్పింపవలసిన పరిశోధన వ్యాసమునకు విషయము వెదకుచు, ధ్రువప్రాంతపు మంచును గూర్చియో అమెజాను అరణ్యములను గూర్చియో ఆలోచించుట కంటె, తెనాలిలో రైలు దిగి, ఊరి నడుమ పారు మూడు కాలువలలో ఒకదాని కట్ట పట్టుకొని సముద్రము వైపు సాగినచో, అతనికి కావలసిన ప్రశ్నలు దారి పొడుగునను దొరకును.

విజయవాడ వద్ద 1855లో పూర్తియైన ఆనకట్టయు, అది 1952లో గండిపడిన పిమ్మట 1957లో నెలకొన్న ప్రకాశం బ్యారేజియు ఈ పశ్చిమ డెల్టాను వరిసీమగా తీర్చినవి. ఎగువనున్న తెనాలి పొలములకు నీరు ముందందును; రేపల్లె దిగువ శివారు రైతులకు మిగిలినదే అందును. పంపకమున రైతులకు పాలు కల్పించుటకై 1997లో రాష్ట్రము చట్టము చేసి నీటి సంఘములను ఏర్పరచినది. ఆ సంఘములు కాలువ మొదటను చివరను ఒకే తీరున పనిచేసినవా? ఈ ఒక్క ప్రశ్న ఒక వ్యాసమునకు చాలును.

బాపట్ల వైపు మరలినచో ప్రశ్న భూగర్భమునకు దిగును. తీరపు ఇసుకనేలలలో, వాననీరు బరువు తక్కువదగుటచే, అడుగునున్న ఉప్పునీటిపై పలుచని పొరవలె తేలియుండును. తరతరములుగా రైతులు ఇసుకలో లోతు తక్కువ గుంటలు త్రవ్వి, ఆ పైపొరను మాత్రమే కడవలతో తోడి మొక్కలకు పోయుచుండిరి, వానినే దొరువులందురు. లోతుగా బోరు దింపి మోటారుతో బలముగా లాగినచో క్రిందనున్న ఉప్పు పైకుబికి బావియు, పొలమును చెడును. బాపట్లలోని ఉప్పునేలల పరిశోధన కేంద్రమువారు ఈ దొరువు సూత్రమునే గ్రహించి, ఇసుకలో అడ్డముగా పరచిన చిల్లుల గొట్టముల ద్వారా పైనీరు మెల్లగా నడిమి బావిలో చేరు పద్ధతిని రూపొందించిరి. 1945లో వ్యవసాయ కళాశాల నెలకొన్న ఊరిలో ఇట్టి పని జరుగుట వింత కాదు. అయితే విధానమును చదువువాడు అడుగవలసినది గొట్టముల కొలతలు కాదు. ఒకడు మితముగా తోడుకొనగా, ప్రక్కవాడు బోరు దింపినచో వానిని ఆపు అధికారము ఎవరికి కలదు, ఉన్నను అది వినియోగమగుచున్నదా అనునది.

రేపల్లె, నిజాంపట్నముల వైపు మడ అడవులు, రొయ్యల చెరువులు ఒకదాని నొకటి ఒరసికొని యున్నవి. ఇచ్చట చట్టముల చరిత్రయే ఒక కథ. 1991లో తీర నియంత్రణ ప్రకటన వెలువడినది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, వరిపొలములను, మడభూములను, ఉప్పు కొటారులను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు చేసిన తీర జలసాగు చట్టము చెన్నై కేంద్రముగా ఒక ప్రాధికార సంస్థను నెలకొల్పి, చెరువులకు నమోదు విధించుచునే, 1991 ప్రకటన జలసాగునకు అడ్డు కాకుండునట్లు వెనుకటి తేదీనుండియే సవరించినది. తీర్పు ఒక చేత నిషేధించినదానిని శాసనము మరియొక చేత క్రమబద్ధీకరించినదని నా అభిప్రాయము. ఈ మార్పు ఒక గ్రామపు పటముపై ఎట్లు కనబడినదో చూపగల విద్యార్థి, వంద పుటల సిద్ధాంతచర్చ చేసినవానికంటె ఎక్కువ చెప్పినవాడగును.

ఇక పద్ధతి మాట. ఉప్పదనమును కాలువలు కట్టివేసిన వేసవిలో మాత్రమే కొలిచినచో అది సగము సత్యమే. సెమిస్టరు వేసవిలోనే ముగియును గావున, ముందటి వానకాలముననే కొలతలు ప్రారంభింపవలెను. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచాంగ్ వంటి తుపాను వచ్చిన ఏటి లెక్కలను విడిగా గుర్తింపవలెను. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరగా తెనాలి గుంటూరులోనే నిలిచినది గావున, పాత జిల్లా గణాంకములను క్రొత్తవానితో పోల్చుట ప్రమాదము; మండలమే ప్రమాణముగా గ్రహించుట మేలు. దొరకని కాగితములకు 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. జవాబు వచ్చుటకు ముప్పది దినములు గడువు గనుక ఆ దరఖాస్తు ముందే పడవలెను.

మన విశ్వవిద్యాలయములలో ఇట్టి వ్యాసములు తరచుగా నీటిపరీక్షల పట్టికలతో నిండి, చివరి పుటలో ‘ప్రజలలో అవగాహన కల్పించవలెను’ అని ముగియుచున్నవి. (ఆ పుటను పరీక్షకులైనను చదువుదురో లేదో సందేహమే.) అవగాహన లేనిది ప్రజలకని ఎట్లు తెలిసెను? ఉప్పునీరు ఎప్పుడు ఎగదన్నినదో శివారు రైతునకు విద్యార్థికంటె ముందే తెలియును. కావున ఏ కార్యాలయము, ఏ అధికారముతో, ఏ పని చేయలేదో పేర్కొననిదే సిఫారసు వ్రాయకుడు.

వైవా ముగిసిన పిమ్మట వ్యాసము అలమరలో చేరుట ఆనవాయితీ. విద్యార్థులారా, అందలి ఫలితములను నాలుగు పుటల తెలుగులో వ్రాసి, మీరు కొలతలు తీసిన ఊరి పంచాయతీకిని నీటి సంఘమునకును ఒక్కొక్క ప్రతి అందజేయుడు.