సమూహమును వెంబడించని విశ్వాసం

ఉపోద్ఘాతం

లోకానికి వేరుగా జీవించాలని మన ప్రసంగాల్లో తరచుగా చెబుతుంటాము. వేరుగా ఉండడం అంటే ఏమిటని విశ్వాసులు అడిగితే మాత్రం వస్త్రధారణ, ఆభరణాలు, సినిమాలు అనే పట్టిక దగ్గరే చాలాసార్లు ఆగిపోతాము. అయితే సమూహము వెంట వెళ్లవద్దని సూటిగా చెప్పిన ధర్మశాస్త్ర ఆజ్ఞ న్యాయవిచారణకు సంబంధించినది. ఈ వ్యాసంలో ఆ ఆజ్ఞను, దానిని తన జీవితంలో చూపిన అరిమతయియ యోసేపును, మన ఒంగోలు సంఘ చరిత్రను వరుసగా పరిశీలించి, ఈనాటి కాపరి పరిచర్యకు అవి నేర్పే పాఠమేమిటో చూద్దాము.

1. ఆజ్ఞ యొక్క సందర్భం (నిర్గమ 23:1-9)

కీడు చేయడానికి అనేకులతో కలిసి నడవకూడదనీ, వ్యాజ్యెములో వారి వైపు మొగ్గి న్యాయాన్ని త్రిప్పివేయకూడదనీ రెండవ వచనం ఆజ్ఞాపిస్తుంది. హెబ్రీలో ఇక్కడ ఉన్న 'రబ్బీం' అనే మాటకు 'అనేకులు' అని అర్థం. ఆ కాలంలో తగవులు ఊరి ద్వారము దగ్గర పెద్దల ఎదుట తీరేవి (రూతు 4:1-2). వాది, ప్రతివాది, సాక్షి, పెద్దలు అందరూ ఒకే ఊరివారు. అటువంటి చోట అందరూ ఒక మాట మీద ఉన్నప్పుడు ఒక్కడు కాదనడం ఎంత కష్టమో మన ఊళ్లలో పంచాయితీ ఎరిగినవారికి వివరించనక్కరలేదు.

ఈ భాగంలో మూడు సంగతులు గమనించాలి. మొదటిది, ఈ ఆజ్ఞ కాపాడేది బలహీనుణ్ణి. ఆరవ వచనంలో దరిద్రుడు, తొమ్మిదవ వచనంలో పరదేశి కనబడతారు. రెండవది, మూడవ వచనం ప్రకారం బీదవాడని పక్షపాతం చూపడం కూడా తగదు. అంటే ఒక గుంపును విడిచి మరొక గుంపులో చేరడం కాదు, సత్యం పక్షాన నిలబడడమే ముఖ్యం. మూడవది, నాలుగు, ఐదు వచనాలు తప్పిపోయిన శత్రువు పశువును తోలుకొని వచ్చి అప్పగించమంటాయి. సమూహాన్ని కాదన్నవాడు సమూహాన్ని ద్వేషించే హక్కు పొందలేదు.

2. సమ్మతించని సభ్యుడు (లూకా 23:50-53)

అరిమతయియ యోసేపు యూదుల ఆలోచన సభలో సభ్యుడు. యేసు విషయంలో సభవారి ఆలోచనకు, వారు చేసిన పనికి అతడు సమ్మతించలేదని లూకా వ్రాశాడు. ఇక్కడ లూకా వాడిన గ్రీకు క్రియ 'సుంకతతిథేమి'. క్రొత్త నిబంధనలో ఈ మాట ఈ ఒక్క చోటే వస్తుంది. పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లో, నిర్గమ 23:1లో అన్యాయస్థునితో ఏకీభవించవద్దని చెప్పిన చోట కూడా ఇదే క్రియ ఉంది. ధర్మశాస్త్రం కోరిన సాక్షి ఆ సభలో ఒకడున్నాడని దీనిని బట్టి మనము చూడవచ్చు.

యోసేపు సభలో ఏమి మాట్లాడాడో సువార్త చెప్పలేదు. అతడు యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడై ఉన్నాడని యోహాను (19:38) దాచకుండా వ్రాశాడు. ఆ భయస్థుడే ధైర్యము తెచ్చుకొని పిలాతు దగ్గరకు వెళ్లాడని మార్కు (15:43) చెబుతున్నాడు. కాబట్టి ధైర్యం అంటే భయం లేకపోవడం కాదు. తీర్పు మార్చలేకపోయినా, చేయగలిగిన న్యాయాన్ని యోసేపు చేశాడు. సిలువ వేయబడినవాని దేహాన్ని అడిగి తీసుకొని గౌరవంగా సమాధి చేశాడు.

3. ఒంగోలు సంఘ సాక్ష్యం

తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విని, 1866లో బాప్తిస్మము పొందాడు. ఆయన ద్వారా అనేకులు ప్రభువు దగ్గరకు వచ్చారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అనే మూడు నియమాలు వారు పాటించారు. ఊరి జాతరలో డప్పు కొట్టబోమన్నారు. వెట్టికి అలవాటుపడిన గ్రామ వ్యవస్థకు ఇది తిరుగుబాటుగా తోచింది. చాకలి బట్టలు ఉతకకుండా, కుమ్మరి కుండలు అమ్మకుండా కట్టుదిట్టం చేశారు. కోతల కాలంలో దక్కవలసిన గింజలు కూడా అందలేదు. అయినా వారు ఊరు విడిచి పోలేదు. ఆ ఊరిలోనే వేరుగా నిలిచారు.

మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌకు మరొక పరీక్ష ఎదురైంది. ఒంగోలులో పై కులాలవారు కొందరు సువార్త పట్ల ఆసక్తి చూపారు గాని, మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమన్నారు. పలుకుబడి గలవారిని పోగొట్టుకోవద్దనేది లోకజ్ఞానం. 1 కొరింథీ 1:26-29 తనకు దారి చూపిందని క్లౌ తన జీవితకథలో చెప్పుకొన్నాడు. సంఘ ద్వారము మాదిగలకు తెరిచే ఉంచబడింది.

1876-78 నాటి కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం త్రవ్వించే పనిని గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మము కోరినవారు అనేకులున్నా, కూటి కోసం వచ్చారన్న మాటకు తావివ్వకూడదని కరవు కాలంలో వారిని చేర్చుకోలేదు. సాయం ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము సంతోషంగా చెప్పుకుంటాము. దానికి ముందు సంఖ్యను కోరని నెలలున్నాయని కూడా చెప్పుకోవాలి.

4. సంఘమే సమూహమైనప్పుడు

ఊరిలో కొద్దిమందిగా ఉన్న సంఘం, తనలో తాను ఒక సమూహమే. అక్కడ కూడా 'అనేకులు' ఉంటారు. సంఘ ఎన్నికల్లో కులాన్ని బట్టి ఓట్లు కూడగట్టడం, ఉపకులాల మధ్య పెళ్లి సంబంధాలు ఒప్పుకోకపోవడం, ధనవంతుడైన పెద్ద మీద వచ్చిన ఫిర్యాదును వినకుండా ప్రక్కన పెట్టడం మనకు తెలియని సంగతులు కావు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా వేదాంత పట్టా చూపి కట్నం పెంచి అడిగే ఇంటిలో ఆ సెమినరీ విద్యార్థి మౌనంగా కూర్చుంటే, వేరుగా ఉండుటను గురించి అతడు చేయబోయే ప్రసంగానికి ఏమి విలువ ఉంటుంది?

ఇలాంటి సమయాల్లో నిర్గమ 23వ అధ్యాయం నుండి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మనం కాదనడం వలన బలహీనునికి న్యాయం జరుగుతుందా, లేక మన మాట నెగ్గుతుందా? దాని వెల మనం చెల్లిస్తున్నామా, లేక ఇతరుల మీద మోపుతున్నామా? మనలను వ్యతిరేకించినవారి ఇంట కష్టం వస్తే వెళ్లి సాయం చేయగలమా? ఈ ప్రశ్నలకు నిలవని ధైర్యం మొండితనమే కావచ్చు.

ముగింపు

కాపరి ఒంటరిగా నిలబడవలసిన రోజు తప్పక వస్తుంది. అది బహిరంగ సభలో కాక, పదిమంది కూర్చున్న కమిటీ గదిలో, అందరూ సరేనన్నారు కదా అనే మాటతో రావచ్చు. ఆ గదిలో లేని మనిషి ఎవరు, ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుంది అని అడగడం మన బాధ్యత. మన మాట నెగ్గకపోవచ్చు, యోసేపుది కూడా నెగ్గలేదు. అయినా అన్యాయానికి సమ్మతించకుండా ఉండడం, ఆ తరువాత చేయగలిగిన మేలు చేయడం మన చేతిలో ఉన్నాయి. అందుకు కావలసిన ధైర్యాన్ని సంఘానికి శిరస్సైన ప్రభువు మనకు అనుగ్రహించును గాక.