మా ఊరి ముష్టియోధురాలు

ఒకప్పుడు మాది నిజామాబాదు అని చెబితే, ‘ఓహో, బోధను చక్కెర!’ అనేవారు. ఆ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా, ‘నిఖత్ జరీన్ ఊరే కదూ?’ అంటున్నారు. వినడానికి నాకెంత గర్వమో!

1996లో పుట్టిన ఈ అమ్మాయి మొదట పరుగు పందేలలో దిగింది. బాక్సింగు నేర్చేవారిలో ఆడపిల్లలెందుకు లేరని తండ్రి జమీల్ అహ్మద్‌ను అడిగిందట. ఆపైన తానే చేతులకు గ్లవ్సు తొడిగి, సంసముద్దీన్ శిక్షణలో మగపిల్లలతో తలపడింది. పొట్టి లాగు వేసుకుందని అయినవాళ్ళు ముక్కున వేలేసుకున్నా తండ్రి లెక్కచేయలేదు. ఒకనాడు కమిలిన కన్నుతో ఇల్లు చేరితే, ‘నిన్నెవరు చేసుకుంటారే?’ అని తల్లి కంటతడి పెట్టింది. పేరు వస్తే పెళ్ళికొడుకులే వరుస కడతారని కూతురు నవ్వేసిందట!

2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం దెబ్బతిని ఏడాదిపాటు బరికి దూరమైంది. 2019లో మేరీ కోమ్‌తో పోటీ పెట్టమని పట్టుబట్టి సాధించుకున్నది. పోటీలో 9-1 తేడాతో ఓడింది. అయినా నీరుగారలేదు. 2022 మే 19న ఇస్తాంబులులో థాయిలాండు యోధురాలిని 5-0తో గెలిచింది. అంటే, అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఈమెకే ఓటు వేశారన్నమాట! మరుసటి ఏడు ఢిల్లీలో రెండవసారి ప్రపంచ విజేత అయింది.

2024లో పారిస్ ఒలింపిక్సులో పతకం దక్కలేదు. అయినా మావాళ్ళ అభిమానం తరగలేదు. ఆ యేడే తెలంగాణ పోలీసు శాఖలో డి.ఎస్.పి.గా చేరింది.

తల్లులకు నా మనవి ఒక్కటే: రేపు మీ అమ్మాయి మైదానానికి వెళ్తానంటే, పెళ్ళి బెంగ పక్కనబెట్టి, కడుపునిండా తినిపించి పంపండి.