పోయిన విమానం జాడ ఎట్లా తీస్తారు?

రోడ్డు లేని చోటికి, రైలు పోని చోటికి మనిషిని, మందును, ఉత్తరాన్ని చేరవేయడానికి పుట్టిన చిన్న విమానాలు కొన్ని ఉన్నవి. కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో వీటిని అడవి విమానాలంటారు. ఇవి సిమెంటు బాటను కోరవు. గడ్డినేల మీద, ఇసుక మీద, శీతకాలంలో గడ్డకట్టిన చెరువు మీద సైతం దిగుతాయి. ఎవరూ లేని చోట్లకు పోవడమే వీటి వృత్తి గనుక, ఎవరూ చూడని చోట మాయమైపోవడం కూడ వీటికే ఎక్కువ.

1929 ఏప్రిల్ నెలలో ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి ఒకటి చెప్పుకోదగినది. 'సదరన్ క్రాస్' అనే ప్రసిద్ధ విమానం దారితప్పి కనబడకుండా పోగా, దానిని వెదకడానికి కీత్ అండర్సన్, బాబ్ హిచ్‌కాక్ అనే ఇద్దరు 'కూకబర్రా' అనే చిన్న విమానంలో బయలుదేరారు. ఏప్రిల్ 10న ఇంజనులో ఒక కడ్డీ వదులై తనామీ ఎడారిలో దిగవలసి వచ్చినది. ఇంజనును బాగుచేసుకున్నారు, కాని మెత్తని ఇసుకలో, పొదలలో విమానం మళ్లీ లేవలేదు. దగ్గర ఉన్న నీరు చాల కొద్ది. రెండు రోజుల తరువాత 'సదరన్ క్రాస్' క్షేమంగా దొరికినది. వెదకబోయిన వారు మాత్రం దాహంతో మరణించారు. ఏప్రిల్ 21న మరొక విమానం నుండి కూకబర్రాను చూడగలిగారు. తరువాత మనుషులు అక్కడికి వెళ్లారు కూడ. అయినా ఆ విమానాన్ని అక్కడనే వదిలి రాగా, దాని చోటు క్రమంగా మరుగున పడినది. 1961లో ఒక సర్వేయరు దానిని చూశాడు. మళ్లీ పోయినది! చివరకు 1978లో డిక్ స్మిత్ బృందం పట్టుదలతో వెదికి దాని అవశేషాలను కనుగొన్నది. అవి ఇప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో ఉన్నవి.

ఇందులో విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటున్నది. ఒక వస్తువును చూడడం వేరు, దాని చోటును ఇతరులు మళ్లీ చేరుకోగలిగేటట్లు అంకెలలో చెప్పగలగడం వేరు. ఎడారిలో గుర్తుగా చెప్పడానికి చింతచెట్టూ లేదు, గుడిగోపురమూ లేదు. అక్షాంశ రేఖాంశాలలో కొద్దిపాటి తేడా వచ్చినా పదుల కిలోమీటర్లు తప్పిపోతాము.

నేల మీద పరిస్థితి ఇట్లా ఉంటే, నీటిలో మునిగిన దాని మాట చెప్పనక్కరలేదు. కెనడాలో చారన్ అనే సరస్సు మంచు మీద 1931లో దిగిన ఫాకర్ యూనివర్సల్ విమానం మంచు పగిలి అడుగుకు పోయినది. ఆ రకం విమానాలు నేడు బహు అరుదు. దానిని 2005లో, అంటే 74 ఏండ్ల తరువాత, కంటితో కాదు, ధ్వనితో కనుగొన్నారు. ఈ ధ్వని మార్గం మనకు మరింత దగ్గరి సంఘటనలో కూడ అక్కరకు వచ్చినది. ఆ సంఘటన మన విశాఖపట్నం కుటుంబాలను కూడ తాకినది.

2016 జులై 22న ఉదయం 8.30 గంటలకు చెన్నై ప్రక్కనున్న తాంబరం నుండి భారత వాయుసేనకు చెందిన ఎ.ఎన్-32 విమానం పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరినది. దాని సంఖ్య కె-2743. అందులో 29 మంది ఉన్నారు. వీరిలో 8 మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే పౌరులు. 11.45కు చేరవలసిన విమానం చేరలేదు.

ఎ.ఎన్-32 చిన్నది కాదు. రెక్కల వెడల్పు 29 మీటర్లు, పొడవు 24 మీటర్లకు కొంచెం తక్కువ. కాని దాని గుణం మాత్రం అడవి విమానాల గుణమే. సోవియట్ దేశంలో 1976లో మొదటిసారి ఎగిరినది. ఎండ ఎక్కువగా ఉన్నచోట, ఎత్తయిన కొండలపైన, కచ్చా నేలపైన దిగి లేవడానికే దీనిని తయారుచేశారు. ఇంజన్లను రెక్కలకు పైన అమర్చడం దీని ప్రత్యేకత. అందువలన పెద్ద పంఖాలు పెట్టినా అవి నేలను తాకవు; దిగేటప్పుడు లేచే రాళ్లు ఇంజన్లలోకి పోవు. 1984 నుండి మన వాయుసేనలో చేరిన ఈ విమానాలు హిమాలయాల లోయలకు బియ్యం, మందులు, సైనికులను చేరవేస్తూ వచ్చాయి.

ఆనాడు 9.12 గంటల ప్రాంతంలో చెన్నైకి తూర్పున సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఈ విమానం రాడార్ తెరమీద నుండి మాయమైనది. అప్పటికి అది 23,000 అడుగుల ఎత్తున, అనగా 7 కిలోమీటర్ల ఎత్తున ఎగురుచున్నది. ఎడమవైపుకు తిరిగి వేగంగా ఎత్తు కోల్పోయినట్లు రాడార్ చూపినదని చెప్పారు. 280 కిలోమీటర్లంటే సుమారుగా మా సైదాబాదు నుండి బెజవాడకు ఉన్నంత దూరం.

రాడార్ చూచిన చివరి చుక్క దగ్గరనే వెదికితే చాలదా అని విద్యార్థులు అడుగుతారు. చాలదు. భూమి గుండ్రంగా ఉన్నది. రాడార్ తరంగాలు ఇంచుమించు తిన్నగా పోతాయి. విమానం ఎత్తును మీటర్లలో తీసుకొని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే, సముద్రపు ఒడ్డున ఉన్న రాడార్‌కు అది ఎన్ని కిలోమీటర్ల వరకు కనబడునో తెలుస్తుంది. (తరంగాలు గాలిలో కొద్దిగా వంగుతాయి గనుక ఆ సంఖ్య 4.12 అయినది, లేకున్న 3.57 అయ్యేది.) 7000 మీటర్లకు లెక్క వేస్తే 345 కిలోమీటర్లు వస్తుంది. కాబట్టి 280 కిలోమీటర్ల దూరాన విమానం కనబడినది. ఇప్పుడు లెక్కను తిరగవేయండి. 280ని 4.12తో భాగిస్తే 68. దాని వర్గం 4,600 పైచిలుకు. అనగా, అంత దూరంలో 4,600 మీటర్లకు దిగువన ఉన్న విమానం ఆ రాడార్‌కు కనబడనే కనబడదు. పడిపోయే దారిలో చివరి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు చీకటే! ఆ చీకటిలో అది నిట్టనిలువుగా పడినదా, వాలుగా పదుల కిలోమీటర్లు పోయినదా అన్నది రాడార్ చెప్పలేదు. ఈ లెక్కను పదవ తరగతిలో వర్గమూలాల పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద చేయించవచ్చును.

విమానంలోనే 'నేనిక్కడ ఉన్నాను' అని పిలిచే పరికరం ఉండదా? ఉంటుంది. విమానం గట్టిగా తాకిడి తినగానే 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద రేడియో సంకేతాలను పంపగా ఉపగ్రహాలు వాటిని అందుకుంటాయి. నేల మీద ఇది చక్కగా పనిచేస్తుంది. సముద్రంలో మునిగితే వేరు. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం గనుక రేడియో తరంగాలు అందులో కొద్ది సెంటీమీటర్లలోనే క్షీణించిపోతాయి. సెల్‌ఫోనును మూతపెట్టిన రాగిచెంబులో ఉంచి చూస్తే ఇటువంటిదే తెలుస్తుంది.

అందుచేత సముద్రం మీద ఎగిరే విమానాలకు ధ్వనితో పిలిచే మరొక పరికరాన్ని అమర్చుతారు. నీరు తగలగానే అది సెకనుకొకసారి 37.5 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని చేస్తుంది. మన చెవికి వినబడదు, గ్రాహకాలకు వినబడుతుంది. అయినా దాని కేక రెండు మూడు కిలోమీటర్లకు మించి స్పష్టంగా వినరాదు. పాత రకాలలో బాటరీ 30 రోజులకు హామీ, కొత్తవాటిలో 90 రోజులు. కె-2743లో ఈ పరికరం లేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఉన్నా, అక్కడి సముద్రం లోతు 3,400 మీటర్లు. పైన ఓడలో కూర్చున్న వాడికి వినబడడం సందేహమే.

ఓడలు, విమానాలు, జలాంతర్గామి, ఉపగ్రహ చిత్రాలు అన్నీ కలిసి వారాల తరబడి వెదికాయి. నీటిపై తేలే ఒక్క ముక్క కూడ దొరకలేదు. 2016 సెప్టెంబరు 15న, ఆ 29 మంది మరణించినట్లు భావించవలసి వచ్చినదని వాయుసేన కుటుంబాలకు తెలియజేసినది. భావించడానికీ తెలియడానికీ మధ్యనున్న దూరం ఎంతటిదో ఆ ఇండ్లలో వారికే ఎరుక.

పైనుండి సోనార్‌తో అడుగును ఎందుకు చూడలేము? చూడవచ్చును, కాని సన్నగా చూడలేము. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పోతుంది. 3,400 మీటర్లు దిగి ప్రతిధ్వని తిరిగి రావడానికి నాలుగున్నర సెకన్లు. అది సమస్య కాదు. ఓడ నుండి పంపే ధ్వని పుంజం ఒక డిగ్రీ వెడల్పు ఉన్నదనుకోండి. అది టార్చిలైటు వెలుగువలె పోను పోను విచ్చుకొని, అడుగును చేరేసరికి 60 మీటర్ల మచ్చ అవుతుంది. మొత్తం విమానమే 30 మీటర్లు. విరిగిన ముక్కలు ఇంకా చిన్నవి. 60 మీటర్ల కుంచెతో 5 మీటర్ల బొమ్మను గీయగలమా? పౌనఃపున్యం పెంచితే పుంజం సన్నబడుతుంది. కాని ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనిని నీరు త్వరగా మింగివేస్తుంది. అది కొన్ని వందల మీటర్లు కూడ కష్టంగా పోతుంది. దూరం కావాలంటే సన్నదనం పోతుంది, సన్నదనం కావాలంటే దూరం పోతుంది. కనుక మిగిలిన ఉపాయం ఒకటే: సోనార్‌ను అడుగుకు దింపడం.

దింపడం మాత్రం మాటలు కాదు. 3,400 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద 350 కిలోగ్రాముల బరువు పడుతుంది. కటిక చీకటి. నీరు దాదాపు మంచువలె చల్లగా ఉంటుంది. అడుగున గంగా బ్రహ్మపుత్రలు యుగాలుగా తెచ్చి పోసిన మెత్తని బురద.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దగ్గర నార్వేలో తయారైన ఒక యంత్రం ఉన్నది. దాని పేరు ఓ.ఎం.ఇ-6000. సముద్రగర్భ ఖనిజాల అన్వేషణకు తెచ్చిన ఈ టార్పెడో వంటి వాహనంలో మనుషులుండరు, ఓడతో కలిపే త్రాడూ ఉండదు. 6,000 మీటర్ల వరకు దిగి, ముందుగా చెప్పిన దారిలో తానే ఈదుతూ పోతుంది. ఇందులోని ఒక రకం సోనార్ పనితీరు చాల ముచ్చటైనది. వాహనం ముందుకు సాగుతూ వేర్వేరు చోట్ల విన్న ప్రతిధ్వనులను విడివిడిగా జ్ఞాపకముంచుకొంటుంది. తరువాత గణితం సహాయంతో వాటిని కలిపితే, అది సాగిన దూరమంత పొడవైన ఒకే పెద్ద గ్రాహకంతో విన్నట్లే అవుతుంది. చిన్న చెవి పెద్ద చెవిగా మారినదన్నమాట. అడుగున ఉన్న వస్తువులు సెంటీమీటర్ల తేడాతో కనబడతాయి.

అయినా ఓపిక కావాలి. రాడార్ చివరి చుక్క చుట్టూ 50 కిలోమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే దాని వైశాల్యం 7,850 చదరపు కిలోమీటర్లు. వాహనం గంటకు 6 కిలోమీటర్లు పోతూ ఒక కిలోమీటరు వెడల్పున చూస్తున్నదనుకుందాము. రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగినా 54 రోజులు పడుతుంది. నడుమ బాటరీలు నింపుకోవడం, తుఫాను రోజులు వేరు.

2024 జనవరి 12న రక్షణ మంత్రిత్వశాఖ ఒక ప్రకటన చేసినది. ఈ వాహనం సోనార్‌తోను, ఫోటోలతోను 3,400 మీటర్ల లోతున ఒక విమాన శకలాలను కనుగొన్నదని, అవి చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ల (సుమారు 310 కిలోమీటర్ల) దూరంలో ఉన్నవని దాని సారాంశం. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు గదా! గుణించి చూస్తే 140 మైళ్లకు 260 కిలోమీటర్లే వస్తుంది. ప్రకటనలోని రెండు అంకెలూ ఒకదానికొకటి పొసగడం లేదు. కూకబర్రా కథ చదివినవారు ఇటువంటి తేడాను తేలికగా తీసుకోరు. అదృష్టవశాత్తు ఈ వాహనం తన చోటును తానే లెక్కగట్టి వ్రాసుకొంటుంది.

అవి కె-2743 శకలాలే అని ఎట్లా చెప్పారు? ఇక్కడ తర్కాన్ని గమనించాలి. ఫోటోలలోని రూపం ఎ.ఎన్-32 రూపానికి సరిపోయినది. ఆ ప్రాంతంలో మరే విమానమూ పోయినట్లు దాఖలా లేదు. విమానం పడి ఉండవచ్చునని ఊహించిన చోటే ఇది. ఈ మూడింటినీ కలిపి, శకలాలు బహుశా ఆ విమానానివే అన్నారు. 'బహుశా' అన్న మాటను పత్రికలు చాలవరకు వదిలివేసినవి గాని, ప్రకటన వ్రాసినవారు దానిని కావాలనే పెట్టారు. ఏడు సంవత్సరాలు ఆచూకీ తెలియని మనిషిని మరణించినట్లు భావించవచ్చునని మన సాక్ష్య చట్టం చెబుతుంది. సముద్రం ఈ జవాబు ఇవ్వడానికి ఏడున్నర సంవత్సరాలు తీసుకున్నది.

ఫోటోలు ఎక్కడ అన్నదానికి జవాబు ఇస్తాయి. ఎందుకు అన్నదానికి ఇవ్వలేవు. అందుకు విమానంలోని రికార్డరు కావాలి. 2009 జూన్ 1న అట్లాంటిక్ సముద్రంలో 228 మందితో మునిగిన ఎయిర్ ఫ్రాన్స్ విమానాన్ని కూడ ఇటువంటి మనిషిలేని వాహనాలే 2011 ఏప్రిల్‌లో 3,900 మీటర్ల లోతున కనిపెట్టాయి. మే నెలలో రికార్డర్లను పైకి తెచ్చారు. దాదాపు రెండేండ్లు ఉప్పునీటిలో నానినా వాటిలోని సమాచారం చెడలేదు. గాలి వేగాన్ని కొలిచే గొట్టాలలో మంచు పట్టడంతో ఆ ప్రమాదం మొదలైనదని వాటి వలననే రూఢిగా తెలిసినది.